జిమ్నీ (మారుతి 4x4 బండి) వాళ్లకు: ఆదివారం స్ప్రింగుల పని

అందరికీ నమస్తే. ఆదివారం ఉదయం 7కి షెడ్డు దగ్గర బండిని 2 అంగుళాలు ఎత్తు లేపే లిఫ్ట్ స్ప్రింగులు, షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేస్తున్నాం.

ముందురోజే బండి కింద కడిగించి, షాక్ నట్లకు తుప్పు వదిలే స్ప్రే కొట్టండి. హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైన బాడీ) అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకురండి. వించ్ (బండిని లాగే తాడు మోటారు), స్టీల్ బంపర్ ఉంటే ఇప్పుడే చెప్పండి, స్ప్రింగు గట్టిదనం ఆ బరువును బట్టే.

లిఫ్ట్ చేశాక పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్‌ని మధ్యలో పట్టి ఉంచే అడ్డ కడ్డీ) సరిచేయకపోతే యాక్సిల్ పక్కకి జరుగుతుంది. క్యాస్టర్ బుష్‌లు (ముందు చక్రాల స్టీరింగ్ కోణం సరిచేసే బుష్‌లు) వేయకపోతే హైవే మీద స్టీరింగ్ నిలవదు. ఈ రెండూ లేకుండా రావద్దు, బతిమాలినా బిగించం!

బుష్ బోల్టుల ఫైనల్ టైట్ బండి చక్రాల మీద నిలబడ్డాకే. జాకీ మీదే బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

జాకీ స్టాండ్లు ఉన్నవాళ్లు తెండి. శుక్రవారం రాత్రికల్లా పేర్లు పెట్టండి.