మగపిల్లల క్రీడా హాస్టళ్లలో ఫిర్యాదు ఎవరికి చేయాలి? తెలంగాణ క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేము జిల్లా స్టేడియాల్లో, క్రీడా హాస్టళ్లలో పనిచేసే కోచ్‌లం, ఫిజియోలం, కౌన్సెలర్లం. కొత్త స్టేడియం కోసమో సింథటిక్ ట్రాక్ కోసమో కాదు ఈ ఉత్తరం. గే అయిన కుర్రాళ్లు, గే అని తోటివాళ్లు ముద్ర వేసిన కుర్రాళ్లు మన శిక్షణలోంచి చడీచప్పుడు లేకుండా రాలిపోతున్నారు. అందులో మీ శాఖ సరిదిద్దగలిగినవి కొన్ని ఉన్నాయి.

"గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చో", "ఆడంగి వేషాలేంట్రా" అన్న మాటలు క్యాచ్ వదిలిన ప్రతివాడికీ పడేవే. చాలామంది కోచ్‌లు వాటిని తిట్లనే అనుకోరు, పౌరుషం తెప్పించే మందు అనుకుంటారు. 14 ఏళ్ల కుర్రాడికి మాత్రం వాటిలోంచి అర్థమయ్యేది ఒకటే: తన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియకూడదు.

తెలిస్తే ఆట ఎలా చెడుతుందో కబడ్డీ కోర్టులో చూడండి. రైడర్‌ని ఆపడానికి కార్నర్‌లో ఉన్నవాడూ పక్కవాడూ చేతులు పట్టుకుని చైన్ వేస్తారు. ఒకడి మీద పుకారు లేచిందా, పక్కవాడు ఆ చేతిని గట్టిగా పట్టుకోడు, వేళ్ల కొసలతో పట్టుకుంటాడు. తెలివైన రైడర్ సరిగ్గా అక్కడికే వస్తాడు, చైన్ తెగుతుంది. కోచ్ కంటికి అది కార్నర్ వాడి చేతగానితనంలా కనిపిస్తుంది, తర్వాతి మ్యాచ్‌కి వాణ్ని బెంచి మీద కూర్చోబెడతాడు. గజ్జల్లో కండరం పట్టేసినా వాడు ఫిజియో దగ్గరికి వెళ్లడు, వెళ్తే గదిలో జోకులు లేస్తాయి. నొప్పితోనే ఆడి ఆడి చిన్న గాయాన్ని పెద్దది చేసుకుంటాడు. స్నానాల గదిలో ఒకే గోడకు వరసగా కుళాయిలు, మధ్యలో అడ్డుగోడ ఉండదు. అందరూ పోయేదాకా ఆగి స్నానం చేస్తే టిఫినుకీ క్లాసుకీ ఆలస్యం, రిజిస్టర్లో మాత్రం "క్రమశిక్షణ లేదు" అని రాస్తారు.

ఇక్కడిదాకా అలవాట్ల సంగతి. అసలు చిక్కు చట్టాల మధ్య ఉంది, దయచేసి దీన్ని మీ న్యాయ విభాగానికి చూపించండి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్టేడియాలను, క్రీడా సంస్థలను కూడా పని ప్రదేశాలుగానే లెక్కిస్తుంది, కానీ ఫిర్యాదు చేసే హక్కు మహిళలకే. 18 ఏళ్లలోపు అబ్బాయికి పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం, ఉంది. 18 నిండిన మరునాడు? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దల మధ్య అంగీకారంతో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదన్నా, బలవంతం విషయంలో పాత ఐపీసీలోని 377 సెక్షన్‌ని ఉంచింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ పూర్తిగా లేదు, అత్యాచారం సెక్షన్‌లో బాధితురాలు స్త్రీ మాత్రమే. అంటే మీ హాస్టల్లో 19 ఏళ్ల కుర్రాడిపై సీనియరో, సిబ్బందిలో ఒకరో బలాత్కారం చేస్తే కొట్టినందుకో, బంధించినందుకో, బెదిరించినందుకో కేసు పెట్టాలి తప్ప జరిగినదానికి సరిపోయే సెక్షన్ లేదు. పార్లమెంటు దాన్ని సరిచేసేదాకా శాఖాపరమైన నిబంధన ఒక్కటే దిక్కు.

ఇంకో గందరగోళం కూడా మేము చూస్తూనే ఉన్నాం. పిల్లాణ్ని ఎవరైనా పాడుచేస్తే "వాడే అదో టైపులే" అని కప్పేస్తారు, ఎవరి జోలికీ పోని గే కుర్రాణ్ని మాత్రం తోటిపిల్లలకు ప్రమాదమన్నట్టు చూస్తారు. మొదటిది నేరం. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి చేసినదాన్ని దాచిపెడితే ఏడాదిదాకా జైలు. గే కావడం నేరమే కాదు. ఈ తేడా వార్డెన్లకు కూర్చోబెట్టి చెప్పాలి.

మేము అడిగేది ఒక జీవో. మహిళల కోసం ఉన్న కమిటీని కదపకుండా, ప్రతి క్రీడా పాఠశాలలో, హాస్టల్లో, అకాడమీలో ఏ లింగంవారైనా ఫిర్యాదు చేయగల కమిటీని వేరుగా వేయండి. అందులో బయటి లాయరో, సైకాలజిస్టో ఒకరు ఉండాలి, జట్టును ఎంపిక చేసే కోచ్ మాత్రం ఉండకూడదు. సెలెక్షన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ల మీదే వాళ్లకే ఫిర్యాదు చేసే పిల్లాడు ఎక్కడా ఉండడు. విచారణ నడుస్తుండగా ఫిర్యాదుదారుణ్ని జట్టులోంచి తీస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.

నిషేధిత ప్రవర్తన ఏమిటో కొత్తగా రాయనక్కర్లేదు. లైంగిక ధోరణి కారణంగా తోటి విద్యార్థిని హింసించడం, వెలివేయడం ర్యాగింగే అని యూజీసీ 2016లో తన నిబంధనల్లో చేర్చింది. అది కాలేజీలకు వర్తిస్తుంది. ఆ వాక్యాన్నే ఎత్తి మన హాస్టళ్ల నియమావళిలో పెట్టండి. 2025 జాతీయ క్రీడా పరిపాలన చట్టం ఎలాగూ సేఫ్ స్పోర్ట్స్ విధానం, అంటే ఆటగాళ్లను వేధింపుల నుంచి కాపాడే విధానం, ఉండాలంటోంది.

కుర్రాడు గే అని తెలియగానే వార్డెన్ చేసే మొదటి పని ఇంటికి ఫోన్ కొట్టడం. దాన్ని ఆపించండి. ఆ ఒక్క ఫోనుతో చదువు, ఆట ఆగిపోయిన పిల్లలున్నారు, ఆ తర్వాత "మార్పించే" వైద్యుల దగ్గరికి తీసుకెళ్తారు. అలాంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. పిల్లాడు ఒప్పుకుంటే తప్ప అతని ధోరణి గురించి ఇంట్లో చెప్పకూడదని జీవోలో ఉండాలి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలి మానస్ 14416, పిల్లల సహాయానికి చైల్డ్‌లైన్ 1098 నంబర్లు ఆఫీసు గోడ మీద కాదు, స్నానాల గది తలుపు లోపలివైపు అంటించాలి. నలుగురి ముందు ఆ నంబరు రాసుకునే ధైర్యం ఎవడికీ ఉండదు.

స్నానాల గదులకు ఏడడుగుల అడ్డుగోడలు, గడియ ఉన్న పీవీసీ తలుపులు చాలు, మరమ్మతుల పద్దులోనే అయిపోతుంది. అక్కడ ఎవరైనా ఫోన్లో తీస్తే ఐటీ చట్టం 66ఈ వర్తిస్తుంది, అది మగపిల్లలకూ వర్తిస్తుందని బోర్డు పెట్టండి. ఫిజియో గదిలో ముట్టుకునే ముందు చెప్పడం, కావాలంటే తోడుగా ఒకరిని రానివ్వడం నియమం చేయండి.

ఇదంతా చేస్తే పతకాలు పోతాయేమోనన్న అనుమానం కొందరికి ఉంది. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన పరుగుల రాణి ద్యుతీ చంద్ 2019 మేలో ఒక అమ్మాయితో తన సంబంధం గురించి బయటపెట్టింది, జూలైలో నేపుల్స్ వరల్డ్ యూనివర్సియేడ్‌లో 100 మీటర్ల స్వర్ణం తెచ్చింది. మన మగవాళ్లు క్రికెట్‌లోనో కబడ్డీలోనో ఆడుతూ ఉండగా ఆ మాట చెప్పగలిగే పరిస్థితి లేదు. ఇంగ్లండ్‌లోనూ తేలిగ్గా రాలేదు. ఫుట్‌బాలర్ జస్టిన్ ఫషాను 1990లో చెప్పి ఒంటరివాడై 1998లో ప్రాణం తీసుకున్నాడు. అక్కడి పురుషుల ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఆడుతున్న మరో ఆటగాడు, 17 ఏళ్ల జేక్ డేనియల్స్, ఆ మాట చెప్పడానికి 2022 దాకా పట్టింది. వికెట్‌కీపర్ స్టీవెన్ డేవిస్ 2011లో చెప్పి, ఆ తర్వాత కూడా ఏళ్లతరబడి కౌంటీ క్రికెట్ ఆడాడు.

కొత్త బ్యాచ్ జూన్‌లో హాస్టళ్లకు వస్తుంది. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అడ్మిషన్ ఫారంతో పాటే తల్లిదండ్రుల చేతికి అందేలా జీవో ఏప్రిల్‌లోపు ఇవ్వండి. ముసాయిదా రాయడానికి మేము కూర్చుంటాం, మీ కార్యదర్శి గారు తేదీ చెబితే చాలు.

ఇట్లు,
కొందరు కోచ్‌లు, ఫిజియోలు, కౌన్సెలర్లు