గుర్తు మార్చడం నేర్పితే బీజగణితం వచ్చినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు పిల్లల్ని లెక్కల ట్యూషన్‌కు తీసుకొచ్చే తెలుగు తల్లిదండ్రులు తరచూ అనే మాట ఒకటుంది: "ఐదో తరగతి దాకా బాగానే చేసేవాడండీ, ఈ ఎక్స్‌లూ వైలూ వచ్చాక వెనకబడ్డాడు." పాపం, ఎక్స్ మీద నింద వేయడం తేలిక. అసలు చిక్కు అంతకుముందే, సమానం గుర్తు దగ్గర మొదలై ఉంటుంది.

ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. కాగితం మీద 8 + 4 = __ + 5 అని రాసి ఖాళీ నింపమనండి. చాలామంది పిల్లలు 12 అని రాస్తారు. రావలసింది 7. ఒకటో తరగతి నుంచీ సమానం గుర్తు తర్వాత జవాబు రాయడమే అలవాటు కాబట్టి, వాళ్ల దృష్టిలో ఆ గుర్తుకు "ఇక జవాబు రాయి" అనే అర్థం స్థిరపడిపోయింది. 5 + 3 = 8 × 2 = 16 అని వరసగా రాసుకుంటూ పోయే అలవాటూ ఇక్కడిదే. 5 + 3 ఎప్పటికీ 16 కాదని దగ్గర కూర్చుని చెప్పేవాళ్లు కావాలి. ఈ ఒక్కటీ సరికాకుండా సమీకరణాల్లోకి దింపితే ముందుకు సాగడం కష్టం.

ఆ దశలోనే మనవాళ్లు పక్షాంతరం, అంటే పదాన్ని సమానం గుర్తుకు అవతలికి మార్చడం, నేర్పేస్తారు. "అటు తీసుకెళ్తే ప్లస్ మైనస్ అవుతుంది" అంటారు. సూత్రం తప్పేమీ కాదు, కానీ కారణం తెలియకుండా చేతికొస్తే ప్రతిచోటా వాడేస్తారు. 3ఎక్స్ = 12 ఇస్తే 3ను అటు పంపి ఎక్స్ = 12 − 3 = 9 అంటారు. −3ఎక్స్ = 12 ఇస్తే గుర్తు మార్చి ఎక్స్ = 12 ÷ 3 = 4 అంటారు. రావలసింది −4. ఇక్కడ 3 కూడి లేదు, గుణించి ఉంది. దాన్ని విడదీయాలంటే రెండు వైపులా భాగించాలి, అదీ −3తోనే.

కిరాణా కొట్టు త్రాసులా రెండు పళ్లేల్లోనూ ఒకే పని చేయాలన్నది ముందు పట్టుబడాలి. 5ఎక్స్ − 7 = 2ఎక్స్ + 8 తీసుకుందాం. రెండు వైపులా 2ఎక్స్ తీసేస్తే 3ఎక్స్ − 7 = 8. రెండు వైపులా 7 కలిపితే 3ఎక్స్ = 15. రెండు వైపులా 3తో భాగిస్తే ఎక్స్ = 5. ఏ పని చేశారో ప్రతి వరస పక్కన చిన్నగా రాయించండి. చివర 5ను మొదటి సమీకరణంలో పెడితే ఎడమవైపు 25 − 7 = 18, కుడివైపు 10 + 8 = 18. ఇలా కొన్ని వారాలు రాసిన పిల్లలు పక్షాంతరాన్ని వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. అప్పుడు వాడుకోనివ్వండి, ఫరవాలేదు.

తర్వాతి గండం బ్రాకెట్టు. 7 − 2(ఎక్స్ − 3) = 1లో రెండు రకాల తప్పులు వస్తాయి. కొందరు ముందే 7లోంచి 2 తీసేసి 5(ఎక్స్ − 3) = 1 అని రాస్తారు. ఎక్కువమంది 7 − 2ఎక్స్ − 6 = 1 అని రాసి ఎక్స్ = 0 తెస్తారు. −2ను −3తో గుణిస్తే +6 కాబట్టి అది 13 − 2ఎక్స్ = 1, అంటే ఎక్స్ = 6. సున్నాను తిరిగి సమీకరణంలో పెట్టి చూసుంటే ఎడమవైపు 13 వచ్చి తప్పు అక్కడికక్కడే దొరికేది. రుణసంఖ్యల గుణకారం గట్టిగా రానివాళ్లకు బ్రాకెట్ల లెక్కలు వంద చేయించినా ఉపయోగం ఉండదు. ముందు ఆ పాఠానికి వెనక్కి వెళ్లాలి.

రేఖీయ సంబంధం (గ్రాఫులో సరళరేఖగా వచ్చేది) అనగానే నేరుగా గ్రాఫు పేపరు తీయడం కన్నా ఊళ్లో రోజూ చూసే ఆటో మీటరు తీసుకుంటే మంచిది. బెంగళూరులో 2025 ఆగస్టు 1 నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. వెయిటింగ్, లగేజీ ఛార్జీలు పక్కన పెడదాం. దూరాన్ని ఎక్స్ కిలోమీటర్లు అనుకుని, 5 కిలోమీటర్లకు ఎంతో సూత్రంగా రాయమంటే పిల్లలు 36 + 18ఎక్స్ అని రాసి 126 అంటారు. మొదటి రెండు కిలోమీటర్లకు రెండుసార్లు డబ్బు కట్టించారన్నమాట! సరైనది 36 + 18(ఎక్స్ − 2), అంటే 90 రూపాయలు. బ్రాకెట్టు విప్పితే 36, 36 కొట్టుకుపోయి 18ఎక్స్ మాత్రమే మిగులుతుంది. అంటే రెండు కిలోమీటర్లు దాటాక దూరం రెట్టింపైతే ఛార్జీ కూడా రెట్టింపే.

చెన్నైకి 2013లో ప్రభుత్వం నిర్ణయించిన రేటుతో పోల్చమనండి. మొదటి 1.8 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12. 25 + 12(ఎక్స్ − 1.8) విప్పితే 12ఎక్స్ + 3.40. 5 కిలోమీటర్లకు 63.40, 10 కిలోమీటర్లకు 123.40. ఇది రెట్టింపు కాదు. రెండూ సరళరేఖలే అయినా, బెంగళూరు రేఖను వెనక్కి పొడిగిస్తే మూలబిందువును (రెండు అక్షాలు కలిసే చోటును) తాకుతుంది, చెన్నై రేఖ వై అక్షాన్ని 3.40 దగ్గర తాకుతుంది. వాలు (కిలోమీటరుకు పెరిగే ఛార్జీ), అంతరఖండం (రేఖ వై అక్షాన్ని తాకే చోటు) అనే మాటలు బట్టీ పెట్టనక్కర్లేకుండా ఇక్కడే అర్థమవుతాయి. బెంగళూరులో అసలు ఛార్జీ మాత్రం సున్నా నుంచి 2 కిలోమీటర్ల దాకా 36 దగ్గర అడ్డగీతలా నిలబడి ఉంటుందనీ, వెనక్కి పొడిగించిన భాగం మన ఊహేననీ చెప్పడం మరవకూడదు.

గ్రాఫు గీసేటప్పుడు స్కేలు దగ్గర తప్పు జరుగుతుంది. అడ్డంగా 1 సెంటీమీటరుకు 1 కిలోమీటరు, నిలువుగా 1 సెంటీమీటరుకు 20 రూపాయలు అనుకుందాం. 2 నుంచి 5 కిలోమీటర్లకు అడ్డంగా 3 సెంటీమీటర్లు, 36 నుంచి 90 రూపాయలకు నిలువుగా 2.7 సెంటీమీటర్లు వస్తాయి. గడులు లెక్కపెట్టే పిల్లలు వాలు 0.9 అని రాసేస్తారు. అక్షాల మీది విలువలు తీసుకోవాలి: 54ను 3తో భాగిస్తే 18.

పదో తరగతిలో రెండు సమీకరణాల జత వచ్చేసరికి సరిచూసుకోవడంలోనే పొరపాటు దొర్లుతుంది. 2ఎక్స్ + 3వై = 13, 2ఎక్స్ − వై = 1. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 4వై = 12, వై = 3, ఎక్స్ = 2. తీసివేతలో మొదటి పదానికి మాత్రమే గుర్తు మార్చేవాళ్లు 2వై = 12 అని రాసి వై = 6 తెస్తారు. దాన్ని మొదటి సమీకరణంలో పెట్టి ఎక్స్ = −2.5 తెచ్చి, మళ్లీ ఆ మొదటి దాంట్లోనే సరిచూసి, సరిపోయిందనుకుంటారు. ఏ సమీకరణం నుంచి ఎక్స్ తెచ్చారో దాంట్లో అది సరిపోక మానదు. రెండో దాంట్లో పెడితే −5 − 6 = −11 వచ్చి, తప్పు బయటపడుతుంది.

అందుకే మీకు ఒక మనవి. విద్యార్థుల కోసం మాదిరి ప్రశ్నలు అచ్చు వేసేటప్పుడు, సమీకరణాల లెక్కలకు జవాబు ఒక్కటే ఇవ్వకుండా, దాన్ని ఇచ్చిన ప్రతి సమీకరణంలోనూ పెట్టి సరిచూసిన వరస కూడా కింద వేయించండి. ఒక్కో లెక్కకు మహా అయితే రెండు లైన్లు పెరుగుతాయి.

ఇట్లు,
కొందరు గణిత ఉపాధ్యాయులు,
మారతహళ్లి, బెంగళూరు