నాన్నకి, అత్త వాడే మందు గురించి

ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా
2024 అక్టోబర్ 20

నాన్నకి,

మొన్న నా నోట గంజాయి అన్న మాట రాగానే మీరు ఫోన్ పెట్టేశారు. తర్వాత అమ్మ చేసి, నాన్న ఆ రాత్రి అన్నం తినలేదురా, నా చెల్లెలు అమెరికా వెళ్ళి ఇలా తయారైందేంటని వరండాలోనే కూర్చున్నారు అని చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేరు కదా.

ముందు అసలు సంగతి. అత్త గంజాయి తాగట్లేదు. గంజాయి మొక్క నుంచి తీసిన నూనె లాంటి మందు, చిన్న సీసాలో ఉంటుంది, డ్రాపర్‌తో నాలుక కింద కొన్ని చుక్కలు వేసుకుంటుంది, అంతే. నిజానికి ఈ రాష్ట్రంలో పేషెంట్లు కూడా దాన్ని చుట్టి తాగడం చట్టప్రకారం తప్పే. మాత్రలు, నూనెలు, పైపూతలు, ఆవిరి పట్టుకునే రకం, ఇవే ఒప్పుకుంటారు. దీనితో కాన్సర్ తగ్గుతుందని డాక్టరూ చెప్పలేదు, మేమూ అనుకోవట్లేదు. ఇది వాంతుల కోసం.

రెండో కీమో తర్వాత అత్త ఎలా ఉందో మీకు పూర్తిగా చెప్పలేదు నేను. తాలింపు వాసన తగిలితే చాలు బాత్రూమ్‌కి పరుగెత్తేది. మంచినీళ్ళు కూడా లోపల నిలిచేవి కావు, తొమ్మిది కిలోలు తగ్గిపోయింది. వాంతులకి మామూలుగా ఇచ్చే మాత్రలు ఇచ్చారు, పని చెయ్యలేదు. తర్వాత డ్రొనాబినాల్ అని ఇంకో మాత్ర రాశారు. తమాషా ఏంటంటే అది కూడా గంజాయిలో ఉండే టీహెచ్‌సీ అనే మత్తు పదార్థమే, కాకపోతే ల్యాబ్‌లో తయారు చేసింది. 1985 నుంచి అమెరికా ప్రభుత్వ అనుమతితో మామూలు మందుల షాపులోనే దొరుకుతోంది, దానికి ఇన్సూరెన్స్ కూడా వచ్చింది. కానీ మింగిన మాత్ర అరగంటలో బయటికొచ్చేస్తుంటే ఏం లాభం? నాలుక కింద వేసుకునేదైతే మింగే బాధ లేదు. అలా మొదలైంది ఈ చుక్కల కథ.

ఇక్కడ చట్టం ఎలా ఉందో చెబితే మీకు నవ్వొస్తుంది, లేకపోతే కోపమొస్తుంది. పెన్సిల్వేనియాలో గంజాయిని మందుగా వాడుకోవచ్చని 2016 ఏప్రిల్‌లో చట్టం చేశారు. మూర్ఛ వచ్చే పిల్లల తల్లులు కొన్నేళ్ళపాటు హారిస్‌బర్గ్‌లో శాసనసభ చుట్టూ తిరిగి సాధించుకున్నారు దాన్ని. షాపులు 2018లో తెరిచారు. మొదట 17 జబ్బులతో జాబితా పెట్టారు, కాన్సర్ అందులో మొదటినుంచీ ఉంది. అంటే రాష్ట్రం లెక్కలో అత్త పేషెంటు. దేశం లెక్కలో మాత్రం ఈ మందు 1970 నాటి చట్టం కింద హెరాయిన్‌తో పాటు ఒకటో జాబితాలో ఉంది, అంటే వైద్యానికి పనికిరాదని. మొన్న మే నెలలో వైద్యానికి పనికొస్తాయని ఒప్పుకునే మూడో జాబితాకి మారుస్తామని ప్రతిపాదన పెట్టారు, ఇంకా మారలేదు. ఒకే టేబుల్ మీద ఉన్న ఒకే సీసా, రాష్ట్రం వైపు నుంచి చూస్తే మందు, వాషింగ్టన్ వైపు నుంచి చూస్తే నేరం.

అందుకే డాక్టర్లు దీన్ని ప్రిస్క్రిప్షన్‌గా రాయలేరు. ఈ మనిషికి ఫలానా జబ్బు ఉంది అని సర్టిఫై మాత్రమే చేస్తారు. అదీ రాష్ట్రంలో నమోదైన డాక్టర్లే చెయ్యాలి. అత్త కాన్సర్ డాక్టరు ఆ నమోదు చేసుకోలేదు, ఫర్వాలేదు వాడి చూడండి అని నోటిమాటగా అన్నాడంతే. సర్టిఫికెట్ కోసం వేరే ఒకాయన్ని వీడియో కాల్‌లో పట్టుకుంటే నాలుగు నిమిషాలు మాట్లాడి 150 డాలర్లు తీసుకున్నాడు. మన రూపాయల్లో పన్నెండు వేల పైనే. అత్త కాల్ అయిపోయాక "నా నాడి కూడా చూడలేదురా వీడు" అంది. ఆ పైన రాష్ట్రానికి కార్డు ఫీజు 50 డాలర్లు, ఏడాదికోసారి. బాగా పేదవాళ్ళకి ఆ 50 మాఫీ చేస్తారు, కానీ డాక్టరు ఫీజు అలాగే ఉంటుంది, మందు ధర అలాగే ఉంటుంది.

అసలు దెబ్బ మందు ధరే. సీసా 65 డాలర్లు, అత్తకి నెలకి మూడు పడుతున్నాయి, పైగా రాత్రి నిద్రకి ఇంకో రకం. మొత్తం నెలకి 240, 250 డాలర్లు, అంటే ఇరవై వేల రూపాయల పైమాటే. పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా పైసా ఇవ్వదు, ఏ ఇన్సూరెన్సూ ఇవ్వదు. పేషెంటు దగ్గర అమ్మకం పన్ను తీసుకోరు, అదొక్కటే దయ. క్రెడిట్ కార్డు చెల్లదు, ఎందుకంటే పెద్ద కార్డు కంపెనీలు, చాలా బ్యాంకులు ఫెడరల్ చట్టానికి, అంటే దేశమంతటికీ వర్తించే చట్టానికి, భయపడి ఈ వ్యాపారాన్ని ముట్టుకోవు. షాపులోనే ఏటీఎం పెట్టారు, తీసిన ప్రతిసారీ దానికి మూడున్నర డాలర్లు.

ఇంత రేటు ఎందుకని కొంచెం చదివాను. 1982 నుంచి ఒక పన్ను నిబంధన ఉందట, 280ఈ అంటారు. ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధమైన మత్తు పదార్థం అమ్మేవాడు షాపు అద్దె, జీతాలు, కరెంటు బిల్లు ఖర్చు కింద చూపించుకోవడానికి వీల్లేదు. ఎవడో దొంగ వ్యాపారి కోర్టుకెళ్ళి ఖర్చులు మినహాయించుకున్నాడని దాన్ని తెచ్చారు, ఇప్పుడు లైసెన్సు ఉన్న షాపుల మీద పడింది. ఇంకోటి, ఒక రాష్ట్రంలో పండిన మొక్క ఇంకో రాష్ట్రానికి వెళ్ళకూడదు. ఎక్కడో ఎండ బాగా ఉన్నచోట చవగ్గా పండినా ఇక్కడికి రాదు, ఈ చలిలో గోడౌన్లలో లైట్లు పెట్టి పెంచాల్సిందే. అదీ ఎవరు పడితే వాళ్ళు కాదు, 2016 చట్టం పండించేవాళ్ళకి 25 లైసెన్సులకే హద్దు పెట్టింది. ఇంటి పెరట్లో ఒక్క మొక్క పెట్టుకున్నా నేరమే. మీరు చింతపల్లి స్కూల్లో పనిచేసినప్పుడు శీలావతి రకం గంజాయి గురించి చెప్పేవారు గుర్తుందా, కిలో ఇంతకి కొని పట్నంలో ఇంతకి అమ్ముతారని. ఆ లెక్కలు చెబితే అత్త పగలబడి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది నాన్నా.

అన్నట్టు, ఇక్కడ వీళ్ళకి ఏప్రిల్ 20 ఒక పండగ లాంటిది. ఫోర్ ట్వంటీ అంటారు, మన ఆషాఢం సేల్ లాగా షాపులన్నీ డిస్కౌంట్లు పెడతాయి. ఫోర్ ట్వంటీ అంటే మన దగ్గర ఏంటో ఇక్కడ ఆఫీసులో ఒకడికి చెబితే నమ్మలేదు. మొన్న జులైలో మన చట్టాలు మారి ఆ సెక్షన్ నంబరే పోయింది కానీ, మాట పోతుందా?

ఇప్పుడు నా సంగతి, ఎందుకంటే అమ్మకి దీని మీదే టెన్షన్. అత్త ఈ మందు వాడుతూ కారు నడపకూడదు. కార్డు ఉన్నా సరే, రక్తంలో ఆనవాలు కనబడితే చాలు కేసే, మత్తులో ఉన్నావా లేదా అని చూడరు. వదిన కాలిఫోర్నియాలో ఉంది, మామయ్య లేడు. కాబట్టి రెండు వారాలకోసారి నేనే తీసుకెళ్ళాలి. పేషెంటు తరఫున వెళ్ళి కొనడానికి కేర్‌గివర్ అని ఇంకో కార్డు ఉంటుంది, నేను అది తీసుకుందామనుకుని మా ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. పౌరసత్వం లేనివాళ్ళకి రాష్ట్ర చట్టం అక్కరకి రాదు, ఇమ్మిగ్రేషన్ వాళ్ళు చూసేది ఫెడరల్ చట్టమే అని 2019లో వాళ్ళే రాతపూర్వకంగా చెప్పారట. వాడానని ఒప్పుకుంటే చాలు, కేసు లేకపోయినా గ్రీన్ కార్డు పోవచ్చు. నా కేటగిరీలో మన దేశంవాళ్ళకి ఇప్పుడు 2012 నాటి ఫైళ్ళే కదులుతున్నాయి, నాది ఎప్పటికో. ఇన్నేళ్ళు లైన్లో నిలబడి ఒక సీసా దగ్గర జారిపడతావా అంది.

అందుకని నేను పార్కింగ్‌లో కూర్చుంటాను. లోపలికి ఎలాగూ కార్డు లేనివాళ్ళని రానివ్వరు. అత్త టోపీ సర్దుకుని, చేతిసంచి పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వెళుతుంది. కారు దగ్గరికే తెచ్చి ఇచ్చే పద్ధతి కూడా ఉంది, కోవిడ్‌లో మొదలుపెట్టి తర్వాత 2021లో చట్టంలోనే పెట్టారు, నీరసంగా ఉన్నప్పుడు ఎంత సుఖమో. కానీ కారు నాది. నా కారు నంబరుతో ఆ సంచీ అందుకోవడం ఇష్టంలేక అత్తే వద్దంది. ఎముకలు కొరికే చలిలో కూడా ఆవిడే దిగి వెళ్ళింది. నాకు అప్పుడు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

మొన్న వస్తుంటే అడిగింది, న్యూజెర్సీలో 2022 నుంచి ఇరవై ఒకటి దాటిన ఎవరైనా కొనుక్కోవచ్చటగా, వంతెన దాటితే డాక్టరూ వద్దు కార్డూ వద్దు, అలా చేద్దామా అని. తిరిగి వంతెన దాటితే నేరం అత్తా అన్నాను. "నది మధ్యలో కూర్చుని వేసుకుంటాలే" అంది.

మీ బాధ నాకు అర్థం కాక కాదు. అక్కడ మన్యంలో ఆ మొక్క వల్ల ఎంతమంది పిల్లలు జైలుకెళ్ళారో, పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాలు నరికించినప్పుడు ఆ ఊళ్ళ పరిస్థితేంటో మీరు దగ్గర్నుంచి చూశారు. కానీ కాశీలో భంగు దుకాణం మీద ప్రభుత్వ బోర్డు చూపించి, ఆకైతే చట్టం, పువ్వైతే జైలు అని నాకు చెప్పింది కూడా మీరే.

అత్తకి ఇంకా రెండు కీమోలు ఉన్నాయి. డాక్టర్ ఒప్పుకుంటే సంక్రాంతికి వస్తానంటోంది. ఈ మందు వెంట తీసుకురాదు, విమానంలోనూ కుదరదు, మన దేశంలోనూ కుదరదు, ఆ సంగతి తనకి బాగా తెలుసు, కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. అన్నయ్యతో చెప్పి వైజాగ్‌లో మంచి కాన్సర్ డాక్టరు ఎవరో కనుక్కోమనండి, వాంతులు మళ్ళీ వస్తే వెంటనే చూపించాలి.

ఈ శనివారం మీకు సాయంత్రం ఏడింటికి అత్త ఫోన్ చేస్తుంది. మీరు కోప్పడతారని మొన్నటినుంచీ చెయ్యడం మానేసింది. తను పప్పూ అన్నం తిని అరిగించుకుని ఇవాళ్టికి పదకొండు రోజులు, ముందు ఆ సంగతి అడగండి.

మీ అబ్బాయి