విదేశాల్లో చదివే పిల్లలకు తెలుగులో ఆసరా కావాలి

గౌరవనీయులైన ప్రవాసాంధ్రుల సాధికారత, సంబంధాల శాఖ మంత్రివర్యులకు,

కావలిలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, అమెరికాకు ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు కోవిడ్ కాలంలో పడిన మానసిక వేదన గురించి, అటువంటి ఆపద మళ్లీ రాకముందే మీ శాఖ చేయదగిన పని గురించి ఈ లేఖ రాస్తున్నాను.

2020 మార్చిలో మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాక, విదేశాల్లో చిక్కుకున్నవారిని తీసుకొచ్చే వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యేదాకా వారికి ఇంటిదారే లేకపోయింది. విశ్వవిద్యాలయాలు మూతపడి లైబ్రరీల్లో, భోజనశాలల్లో దొరికే గంటల పని పోయింది. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాపై ఉన్నవారు అనుమతి లేకుండా బయట పని చేయకూడదు. ఆ దేశం పంచిన నగదు సాయమేమో, పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్లయిన వీరికి వర్తించలేదు. ఇక్కడ పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంది. ఇవి చాలవన్నట్టు, తరగతులన్నీ ఆన్‌లైన్‌లో జరిగే విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలని జూలై 6న అక్కడి అధికారులు ప్రకటించారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాక 14వ తేదీన దానిని ఉపసంహరించుకున్నారు.

పిల్లలు తట్టుకున్నారు. ఒకే అపార్ట్‌మెంట్‌లో వంతులు వేసుకొని వండుకున్నారు, సరుకులు పంచుకున్నారు, ఇంటికి ఫోన్ చేసి మాత్రం "అంతా బాగానే ఉంది నాన్నా" అన్నారు. 2021లో రెండో వేవ్ వచ్చినప్పుడు తల్లిదండ్రులూ అదే దారి పట్టారు. తాతయ్య పోయిన సంగతి పరీక్షలయ్యేదాకా చెప్పని ఇళ్లు నాకు తెలుసు. ప్రేమతోనే దాచారు, కాదనను. కానీ ఆ తర్వాత ఇంటినుంచి ఏ మంచి కబురు వచ్చినా నమ్మబుద్ధి కాలేదని నాతో చెప్పుకున్న పిల్లలున్నారు.

అక్కడి విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్ కేంద్రాలున్నా, వీసాకు అడ్డమవుతుందేమోనని, ఊళ్లో తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయేమోనని మనవాళ్లు అటు వెళ్లడానికి జంకుతారు. (ఈ రెండో భయం మనం పెట్టిందే.) పైగా అమెరికాలో కౌన్సెలర్ల లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది కనుక, ఒంగోలుకు తిరిగివచ్చి రాత్రంతా మేలుకొని ఆన్‌లైన్ పాఠాలు విన్నవారికి ఆ సాయం అందడం కష్టమైంది.

2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు గానీ, అది దేశంలో ఉన్నవారికి ఉద్దేశించినది. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి 24 గంటల హెల్ప్‌లైన్ ఉంది. ఆ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిన విద్యార్థిని, పేరు చెప్పమని ఒత్తిడి చేయకుండా, తెలుగు తెలిసిన శిక్షణ పొందిన కౌన్సెలర్‌తో కలిపే ఏర్పాటు చేయించవలసిందిగా కోరుతున్నాను. టెక్సాస్‌లో పొద్దుగూకే వేళకు మనకు తెల్లవారుజాము కాబట్టి, ఆ కౌన్సెలర్ రాత్రి విధుల్లోనే ఉండాలి. పగటిపూట కార్యాలయ వేళల్లో నడిపితే ప్రయోజనం తక్కువ.

ఫాల్ సెమిస్టర్‌కు పిల్లలు ఆగస్టులో చేరతారు. వారు బయలుదేరేలోగా నెల్లూరులోనూ ఒంగోలులోనూ తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి ఒక పూట మాట్లాడే కార్యక్రమాన్ని ఈ సంవత్సరమే మొదలుపెట్టించగలరని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా