జాకీ మీద ఏ చక్రమైనా తిరుగుతుంది

విజయవాడ,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. కళ్లజోడు తుడుచుకుని, పెద్దది చేసుకుని మళ్లీ చూశాను. వీల్స్ బాగున్నాయమ్మా, కాదనను. నల్లటి రిమ్ము, అంచున వెండి గీత, నీ తెల్ల హోండా సిటీ కారుకి ఒప్పుతుంది. కానీ దాని కింద ఓ ముక్క రాశావు చూడు, "షాపతను జాకీ ఎత్తి, బిగించి, తిప్పి చూపించాడు నాన్నా, ఎక్కడా తగల్లేదు, బుధవారం అడ్వాన్స్ ఇస్తున్నా" అని, అది చదివాక నాకు అన్నం సయించలేదు. ఫోన్లో చెబుదామంటే "సరే నాన్నా, సరే" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివాక కూడా ఇవ్వాలనిపిస్తే ఇయ్యి.

జాకీ మీద ఏ చక్రమైనా తిరుగుతుంది. బండిని ఎత్తగానే చక్రం కిందికి వేలాడుతుంది, మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య చెయ్యి దూరేంత సందు వస్తుంది. అప్పుడు లారీ చక్రం పెట్టి తిప్పినా తిరిగేట్టే ఉంటుంది. తగిలేది బండి కిందికి దిగాక, మనుషులు ఎక్కాక, గతుకులో పడ్డాక. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అలైన్‌మెంట్ పిట్‌లో నిలబడ్డవాణ్ణి, ఈ మాట వేరేవాళ్ల బండి చూసి నేర్చుకోలేదు. నా బండి మీదే నేర్చుకున్నాను.

మన పాత మారుతి ఎస్టీమ్ కారు నీకు గుర్తుండదు. 2001. నీకు రెండేళ్లు. దానికి వచ్చిన 13 అంగుళాల రిమ్ములు తీసేసి, ఎవరో అమ్మకానికి తెచ్చిన 14 అంగుళాల అల్లాయ్ రిమ్ములు, పాతవాటికన్నా వెడల్పువి, వేశాను. అప్పటికి నాకు పని అంతా వచ్చేసిందని నమ్మకం. జాకీ మీద తిప్పాను. బెంజి సర్కిల్ దాకా ఒక్కణ్ణే వెళ్లొచ్చాను. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. మర్నాడు తెల్లారుజామున అన్నవరం ప్రయాణం. నేను, మీ మావయ్య ముందు. వెనక నానమ్మ, అమ్మ, అత్తయ్య, ఒళ్లో నువ్వు. డిక్కీలో కొబ్బరికాయల బస్తా. ఏలూరు దాటాక నానమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవరింట్లోనో పాలు మాడుతున్నాయిరా" అంది. హైవే మీద ఎవరి ఇల్లమ్మా? గుండుగొలను దగ్గర ఆపి దిగి చూస్తే, వెనక ఎడమ టైరు భుజం, అంటే రోడ్డుకు ఆనే భాగం పక్కగోడను కలిసే అంచు, చుట్టూతా గాడి. మడ్‌గార్డ్ లోపలికి మడిచిన రేకు అంచు ఉంటుందే, అది రబ్బర్ని కొబ్బరి కోరినట్టు కోరేసింది. ఆ నల్లటి కోరు రోడ్డు పొడుగునా రాలుతూ వచ్చింది. ఇంకో పది కిలోమీటర్లు పోతే లోపలి దారాలు బయటపడేవి.

స్టెప్నీ పాత 13 అంగుళాలదే. అది వేసుకుని, నేనూ మావయ్యా కొబ్బరికాయలతో సహా బస్సెక్కాం. మిగతావాళ్లను అత్తయ్య ముప్పై స్పీడులో ఏలూరు వెనక్కి తీసుకెళ్లింది. మీ మావయ్య ఇప్పటికీ పెళ్లిళ్లలో ఈ కథ చెబుతాడు. చెప్పనీ.

ఇప్పుడు నీ వీల్స్ లెక్కకి వస్తాను. కాగితం తీసుకో.

నీ 2018 సిటీకి కంపెనీ ఇచ్చింది 16 అంగుళాల రిమ్ము, వెడల్పు 6జే, అంటే 6 అంగుళాలు, ఈటీ 53. టైరు 185/55 ఆర్16, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. నువ్వు మోజుపడ్డవి 17 అంగుళాలు, 7.5జే, ఈటీ 35, టైరు 215/45. ఈటీ అంటే జర్మన్ మాటకు పొట్టి పేరు. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడుమ ఒక గీత గీశావనుకో, హబ్బుకు, అంటే బండి వైపు చక్రం బిగించే దిమ్మకు, ఆనే ముఖం ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో ఆ అంకె. అంకె తగ్గేకొద్దీ చక్రం బండి లోంచి బయటికి వస్తుంది. మనవాళ్లు అంగుళాలు చూస్తారు, డిజైన్ చూస్తారు, రిమ్ము లోపల పోతపోసిన ఈ అంకెను చూడరు. రుద్దుడంతా ఇక్కడే ఉంది.

వెడల్పు 6 నుంచి 7.5కి పెరిగింది, అంటే అంగుళంన్నర, 38 మిల్లీమీటర్లు. అది రెండు పక్కలా సగం సగం, 19 చొప్పున. ఈటీ 53 నుంచి 35కి తగ్గింది, 18 తేడా, అదంతా బయటివైపే. బయటికి 19, 18 కలిపి 37 మిల్లీమీటర్లు. లోపలికి 19లోంచి 18 తీసేస్తే ఒక్క మిల్లీమీటరు. చూశావా, షాపతను అబద్ధం చెప్పలేదు. లోపల షాకబ్జార్ వైపు నిజంగానే ఏమీ తగలదు. కానీ బయట రెండు వేళ్ల మందం ముందుకొచ్చింది, అది జాకీ మీద కనపడదు.

ఇక ఎత్తు. 185లో 55 శాతం అంటే టైరు గోడ 102 మిల్లీమీటర్లు. అలాంటివి రెండు, మధ్యలో 16 అంగుళాలంటే 406. మొత్తం చక్రం 610. అదే 215/45 ఆర్17 లెక్కేస్తే 625. పైన ఏడెనిమిది మిల్లీమీటర్లు సందు తగ్గింది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి కోసినప్పుడు ముందు బంపర్ మూల దగ్గర ప్లాస్టిక్ లైనర్ ఉంటుంది కదా, అక్కడికీ అంతే దగ్గరైంది. మీటరు కూడా రెండున్నర శాతం తక్కువ చూపిస్తుంది, అది పెద్ద గొడవ కాదులే.

నువ్వు అడిగేది నాకు తెలుసు. "మరి ఎంత బయటికి వస్తే తగలదు?" దానికి పుస్తకంలో జవాబు లేదు, నీ బండి దగ్గర ఉంది. రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లే ముందు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, నేల చదునుగా ఉన్నచోట, స్టీరింగ్ తిన్నగా పెట్టు. ఒక దారానికి నట్టు కట్టి మడ్‌గార్డ్ అంచు నడినెత్తి మీంచి వేలాడదీయి. ఆ దారానికీ టైరు పైభుజానికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లో స్కేలు పెట్టి చూడు. నాలుగు చక్రాలకూ చూడు, ఒకటి చూసి నాలుగూ అంతే అనుకోకు. ఎప్పుడో టింకరింగ్ పని జరిగిన బండైతే ఎడమకూ కుడికీ నాలుగైదు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. సెకండ్ హ్యాండ్ బండి, ఎవరికి తెలుసు. తరవాత మడ్‌గార్డ్ లోపలికి వేలు పెట్టి ఆ రేకు మడత ఎంత లోపలికి ఉందో తడిమి చూడు. జాగ్రత్త, కత్తిలా ఉంటుంది. ఎస్టీమ్ టైరును కోరింది అదే. ఆ తరవాత లోపలివైపు టైరుకీ షాకబ్జార్‌కీ మధ్య ఐస్‌క్రీం పుల్లలు ఒకటి మీద ఒకటి పెట్టి ఎన్ని పడతాయో చూడు. పుల్లల దొంతరను కొలిస్తే అదే సందు. ఈ అంకెలన్నీ నాకు పంపు. ఈ పదిహేను నిమిషాల పని చెయ్యని షాపువాడు ఎంత పెద్ద షాపువాడైనా నాకు లెక్కలేదు.

నా సలహా అడిగితే 16 అంగుళాల్లోనే ఉండు. 6.5జే, ఈటీ 45, టైరు 205/50 ఆర్16. చక్రం ఎత్తు 611, అంటే పాతదానికీ దీనికీ గోరంత కూడా తేడా లేదు. ఈసారి రిమ్ము వెడల్పుతో కాక టైరు వెడల్పుతో లెక్కేస్తే బయటికి 18 మిల్లీమీటర్లు, లోపలికి 2. కింద నిలబడి చూసేవాళ్లకు బండి కాళ్లు బారచాపి కూర్చున్నట్టు నిండుగానే కనపడుతుంది, నీకు కావలసిందీ అదేగా. నీ కొలతల్లో ఈ 18కి కూడా చోటు లేదని తేలితే, అప్పుడు ఈటీ 50 కోసం వెతుకుదాం. తొందరేముంది. టైరు మీద 205 అని రాసి ఉన్నా ఒక కంపెనీ 205కీ ఇంకో కంపెనీ 205కీ నాలుగైదు మిల్లీమీటర్లు తేడా ఉంటుంది, భుజం గుండ్రంగా ఉందా పలకగా ఉందా అన్నదీ చూడాలి. పలక భుజం టైరే మొదట తగులుతుంది. ఇంకొకటి, పాత టైరు మీద 83 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరు 487 కిలోలు మోస్తుందని. కొత్తదాని మీద ఆ అంకె తగ్గకూడదు.

రిమ్ము వెనక నడిమి బొక్క సంగతి. హోండా హబ్బు 56.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే అల్లాయ్‌లకు అది 67.1 అనో 73.1 అనో పెద్దదిగా వదులుతారు, అన్ని బండ్లకూ సరిపోవాలని. ఆ తేడా నింపే రింగు విడిగా అడిగి తీసుకో. ప్లాస్టిక్‌దైనా సరే, ఉండాలి. లేకపోతే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది, చౌటుప్పల్ దాటి తొంభైలో పడగానే స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. నువ్వు బ్యాలెన్సింగ్ మీద బ్యాలెన్సింగ్ చేయిస్తావు, పోదు. నా షాపుకు వణుకుతున్నాయని వచ్చే అల్లాయ్ బండ్లలో నేను మొదట విప్పి చూసేది ఈ రింగే.

నట్లు కూడా. హోండా నట్టు కూర్చునే చోటు గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. బయటి అల్లాయ్‌కు గరాటులా ఏటవాలుగా ఉంటుంది. పాత నట్లే బిగిస్తే బిగిసినట్టే ఉంటాయి, సన్నటి అంచు మీద మాత్రమే ఆని ఉంటాయి. వారానికి వదులవుతాయి. కొత్త నట్లు కొను, మర 12 బై 1.5 అని చెప్పు. చిన్నప్పుడు టైర్ల దొంతర మీద కూర్చుని నట్లు లెక్కపెట్టేదానివి, ఇప్పుడు చుట్లు లెక్కపెట్టు. చేత్తో తిప్పితే బిగిసేలోపు కనీసం 8 చుట్లు పడాలి. తక్కువైతే స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, పొడుగు చాల్లేదని. గాలి గన్నుతో కొట్టనివ్వకు. ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో 108 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి.

స్పేసర్లు, అంటే హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్లలు, వద్దు. ఎందుకని అడక్కు, పైన 8 చుట్లు అన్నానే, బిళ్ల మందమంత స్టడ్డు తినేస్తుంది, అందుకే. తగిలితే మడ్‌గార్డ్ అంచు పైకి మడిచేద్దాం మేడమ్ అంటారు. అది పనే, చేసేవాళ్లు ఉన్నారు, పెయింటును వేడిచేసి మెల్లగా రోలరుతో మడుస్తారు. నేనూ చేశాను. కానీ పెయింటు వెంట్రుకంత పగిలినా ఆ పగులులో నీళ్లు చేరి, రెండు వానాకాలాలకు లోపల్నించి తుప్పు బయటికొస్తుంది. వేరే దారి ఉన్నప్పుడు కంపెనీ రేకును ఎందుకు నలపాలి?

ఇంకో సంగతి, దీన్ని నువ్వు నవ్వి కొట్టేస్తావు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిని మార్చడం గురించి. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చక్రం బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చిన బండిని చౌరస్తాలో పోలీసు ఆపితే నేను నీ తరఫున మాట్లాడను. ఏం వేసినా ఇన్సూరెన్సు వాళ్లకు కాగితం మీద రాసి చెప్పు, రసీదు దాచు. పాత నాలుగు రిమ్ములూ అమ్మకు. ఇక్కడ అటక మీద పడేద్దాం.

వీల్స్ కొన్నా అక్కడ బిగించుకోకు. డిక్కీలో వేసుకుని వచ్చే శనివారం ఇక్కడికి వచ్చేయి. నేనే బిగిస్తాను. టైరు భుజాల మీద సుద్దముక్క రుద్దుతాను. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు కోసి, రివర్సులో కూడా కోసి, మన వీధి చివరి స్పీడ్‌బ్రేకర్ ఉంది కదా, దాన్ని ఏటవాలుగా ఒక్కో చక్రంతో ఎక్కించి దింపుతాం. తరవాత టార్చి వేసి చూస్తే లైనర్ మీదో రేకు అంచునో ఎక్కడ తెల్లగా అంటిందో అక్కడ తగిలినట్టు. ఎక్కడా అంటకపోతే ఆ వీల్స్ నీవి, నేను నోరెత్తను.

అయితే ఈ పరీక్షకు వెనక సీటు నిండాలి. నానమ్మ లేదు, మావయ్యకు మోకాళ్ల నొప్పి. నీ రూమ్మేట్లు ముగ్గుర్నీ తీసుకురా. మీ అమ్మ అప్పుడే గోంగూర పచ్చడికి, కోడి పులుసుకి లెక్కలు వేసుకుంటోంది. పరీక్ష మాత్రం భోజనాలయ్యాకే పెడతాను, బరువు సరిగ్గా తూగాలి కదా.

కొలతలు రేపు పొద్దున్నే పంపు.

మీ నాన్న