సరిపోతుందన్నారు, 1.4 మిల్లీమీటర్లు పైకి లేచింది

పిస్టన్ల కంపెనీ కస్టమర్ కేర్ వారికి,

విషయం: ప్రీమియర్ పద్మినికని మీరు పంపిన 69 మి.మీ. పిస్టన్ సెట్టు ఆ ఇంజనుకు సరిపోలేదు

నమస్తే. ఇది నేను రాస్తున్న మూడో మెయిలు. మొదటి రెండింటికీ "మీ ఫిర్యాదు అందింది" అని జవాబు వచ్చింది కానీ అందులో ఏముందో ఎవరూ చదివినట్టు లేదు. అందుకే మళ్ళీ మొదటి నుంచీ రాస్తున్నా, దయచేసి ఇంజను పని తెలిసిన మనిషి చేత చదివించండి.

మాది 1986 పద్మిని, నాన్న కొన్న కారు. ఆయన పోయాక నాలుగేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. పోయినేడాది బయటికి తీస్తే స్టార్టయితే అయింది గానీ వెనక అంతా నీలం పొగ, విజయవాడ నుంచి ఏలూరు వెళ్లొచ్చేసరికి అర లీటరు ఆయిల్ తాగేసింది. ఆటోనగర్‌లో హెడ్ విప్పిస్తే మూడో సిలిండర్లో పైనుంచి కింద దాకా గీత, వేలు పోనిస్తే గోరు తట్టుకుంటోంది. అప్పటికే రెండుసార్లు రీబోర్ అయిన (అంటే సిలిండర్ల లోపలి గోడలు కోసి వెడల్పు చేసిన) బ్లాకు అది. గీత పూర్తిగా పోవాలంటే సిలిండర్ వెడల్పు 69 మి.మీ.కి వెళ్లాల్సిందే అన్నాడు లేత్ మేస్త్రీ.

ఈ ఇంజను స్టాండర్డ్ బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 68 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 75, మొత్తం 1089 సీసీ. 69కి కొడితే 1122 సీసీ దగ్గరికి వస్తుంది. ఆ ముప్పై చిల్లర సీసీల కోసం కాదు నా తాపత్రయం, నాన్న బండి పొగ లేకుండా తిరగాలని. ఫోన్లో మీ సేల్స్ అబ్బాయి "స్పీడు కోసమా సార్" అని అడిగాడు కాబట్టి ఇది చెబుతున్నా. ఇటలీలో ఫియట్ ఇదే కుటుంబం ఇంజనును 72 బోరుతో, అదే 75 స్ట్రోకుతో 1221 సీసీగా చేసింది, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఇన్నేళ్లు వాడిన బ్లాకు గోడల్ని అంత కోయించే ధైర్యం నాకు లేదు, ఆ పిస్టన్లు ఇక్కడ దొరకవు కూడా.

69 కోసం మూడు నెలలు వెతికాను. పాత స్టాకు షాపుల్లో అన్నీ చిన్న సైజులే. చివరికి మీ కేటలాగులో "పద్మిని, 1 మి.మీ. ఓవర్‌సైజ్" అని కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. అయినా తొందరపడలేదు. పాత పిస్టన్ ఫొటోలు, పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను సెంటరు నుంచి పిస్టన్ నెత్తి దాకా ఎత్తు ఎంతో కొలిచి, ఇది సరిపోతుందా అని రాసి పంపాను. "సరిపోతుంది సార్, కంగారు పడకండి" అని మీవాళ్లే వాట్సాప్‌లో రాశారు. ఆ స్క్రీన్‌షాట్ జత చేశాను.

పిస్టన్లు చేతికొచ్చాకే బోరు కొట్టించాం, ఆ జాగ్రత్త తీసుకున్నాం. మేస్త్రీ ఒక్కో పిస్టన్‌నూ స్కర్టు (కింది భాగం) దగ్గర మైక్రోమీటర్‌తో కొలిచి, రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు రెండు) గ్యాప్ వచ్చేలా బోరు కొట్టి, సానరాళ్లతో సన్నగా రుద్ది హోనింగ్ చేశాడు. బోర్లు చక్కగా వచ్చాయి, దానిలో ఏ లోపమూ లేదు. తీరా రాడ్డుకు బిగించి క్రాంకు తిప్పితే పిస్టన్ బ్లాకు పైఅంచు దాటి లేచింది. స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూశాం, 1.4 మి.మీ. నాలుగూ అంతే. పాత పిస్టన్లు అంచు దగ్గరే ఆగేవి. ఇలాగే హెడ్ బిగిస్తే ఒక్కో సిలిండరులో పెట్రోలు మండే ఖాళీ 5 సీసీకి పైగా తగ్గిపోతుంది, పైగా పిస్టన్ నెత్తి హెడ్డుకు తగిలినా తగులుతుంది. అంటే మీరు పెట్టెలో పెట్టింది వేరే ఇంజను పిస్టన్, పైన అతికించింది పద్మిని లేబులు.

నాకు వీటి బరువు మీద కూడా అనుమానం వచ్చింది. మా వీధిలో బంగారం పనిచేసే ఆయన త్రాసు మీద నాలుగూ తూయించాను. తేలికదానికీ బరువుదానికీ 9 గ్రాములు తేడా! ఒకే సెట్టులో రెండు మూడు గ్రాములు దాటితేనే మా మేస్త్రీ ఒప్పుకోడు.

ఇక ఫోన్లో మీరు చెప్పిన సలహాలు. మొదటిది, నెత్తి మీద 1.4 మి.మీ. లేత్‌లో కోయించుకోమన్నారు. లోపలి నుంచి కొలిచి చూశాం, నెత్తి మందమే 6 మి.మీ. అందులో అంత తీసేస్తే మిగిలిన అల్యూమినియం ఆ వేడికి ఎన్నాళ్లు ఆగుతుంది? టాప్ రింగు పైన ఉండే అంచు కూడా అంతే తగ్గి, రింగు మంటకు దగ్గరవుతుంది. తెలిసినవాళ్లు మందం ఉన్న పిస్టన్‌ను చూసుకుని, లెక్క వేసుకుని కోస్తారు, అది నేనూ విన్నదే. మీరు పంపినది అలా కోయడానికి పనికొచ్చేది కాదు. రెండోది, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఒకటి బదులు రెండు గాస్కెట్లు వేసుకోమన్నారు. అల్యూమినియం హెడ్ కింద రెండు గాస్కెట్లు వేసి ఎండాకాలం హైవే మీద ఏ ధైర్యంతో వెళ్లమంటారు? ఈ మాట విన్నప్పుడు నిజంగా బాధేసింది.

బట్ట పొడుగైతే కత్తిరించుకోవచ్చు. బ్లాకులో కోసేసిన ఇనుమును మళ్ళీ ఎక్కడి నుంచి తేను? మీరు సరిపోతుందని రాసిచ్చారని నమ్మి కోయించాను. ఇప్పుడు సరైన 69 పిస్టన్లు దొరక్కపోతే నాలుగు సిలిండర్లకూ స్లీవులు (లోపల దిగగొట్టే కొత్త గొట్టాలు) వేయించి మళ్ళీ 68కి రావాలి, అది వేరే ఖర్చు, వేరే రిస్కు.

నేను అడిగేది ఇది. సరైన పిన్ను ఎత్తుతో, బరువులు కలిసిన 69 మి.మీ. సెట్టు రింగులూ పిన్నులతో సహా పంపండి. పంపే ముందు కొలతలు రాసి నాకు మెయిల్ చేయండి. మీ దగ్గర లేకపోతే పిస్టన్ల 9,800 రూపాయలూ, బోరింగు హోనింగులకు అయిన 3,200 రూపాయలూ, స్లీవుల ఖర్చూ ఇవ్వండి. బిల్లులన్నీ జత చేశాను. ఇంకొకటి, మీ కేటలాగులో బోరు సైజు ఒక్కటే ఉంది, పక్కనే పిన్ను ఎత్తు, పిన్ను సైజు కూడా అచ్చు వేయండి. పాత బండ్లు ఉన్నవాళ్లం ఆ రెండు అంకెల కోసమే ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాం.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వెళ్లాల్సిన అవసరం రాకూడదనే నా కోరిక.

పిస్టన్లు మీరు పంపిన పెట్టెలోనే ఉన్నాయి, ఒక్క గీత పడనివ్వలేదు, ఎప్పుడైనా తీసుకెళ్లొచ్చు. బ్లాకు మాత్రం ఆటోనగర్ షెడ్డులో గోనెపట్టా కింద ఉంది. అసలే వానాకాలం, కొత్తగా హోనింగ్ చేసిన బోర్లు తుప్పు పట్టకుండా వారానికోసారి వెళ్లి ఆయిల్ పూసి వస్తున్నాను.

ఇట్లు,
పద్మిని ఓనరు, విజయవాడ