వేసవిలో బాండింగ్ పేస్టు సరఫరా గురించి డాక్టర్లకు మనవి

మా దగ్గర ఆర్థోడాంటిక్ (పళ్ల వరస సరిచేసే) సామగ్రి కొనే డాక్టర్లందరికీ నమస్కారం. ఏప్రిల్ నుంచి వానలు పడేవరకు, పళ్ల మీద తీగను పట్టి ఉంచే బ్రాకెట్లను అతికించే లైట్ క్యూర్ (కాంతితో గట్టిపడే) పేస్టును, దానికి ముందు పంటికి పూసే ప్రైమరును మామూలు బస్సు పార్సిల్‌లో పంపడం మానేస్తున్నాం. ఇకపై థర్మోకోల్ పెట్టెలో, ఐస్ జెల్ ప్యాకుల మధ్య పెట్టి మాత్రమే పంపుతాం. అదనపు ఖర్చులో సగం మేము భరించి, మిగతా సగం బిల్లులో వేస్తాం. దీనివల్ల కొన్ని ఆర్డర్లు వేరే చోటికి వెళ్లవచ్చని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం.

ఈ పేస్టులో బిస్‌-జీఎంఏ వంటి రెజిన్ (జిగురు పదార్థం), సన్నని గాజు లేదా సిలికా పొడి, నీలి కాంతి తగిలితే గట్టిపడే ప్రక్రియను మొదలుపెట్టే కాంఫర్‌క్వినోన్ ఉంటాయి. విజయవాడలో మే నెలలో నీడపట్టునే 40 డిగ్రీలు దాటుతుంటే, రేకుల కప్పు కింద పార్సిళ్లు పడి ఉండే చోట ఎంత వేడి ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. వేడెక్కిన పేస్టు పలచబడి, లైటు వేసేలోపే బ్రాకెట్ పెట్టిన చోటి నుంచి జారిపోతుంది. ఆ వేడి పదే పదే తగిలితే పెట్టె మీది గడువు తేదీని నమ్మడానికి వీలుండదు. అలాగని ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజిని వెంటనే వాడవద్దు. చల్లటి మూతి మీద చెమ్మ పడుతుంది, పేస్టు బిగుసుకుని సరిగా రాదు. గది వేడికి వచ్చాకే మూత తీయండి.

బ్రాకెట్ ఊడిన ప్రతిసారీ తప్పు పేస్టుదే అనుకోవడం కూడా న్యాయం కాదు. 1955లో అమెరికా దంతవైద్యుడు మైకేల్ బ్యూనకోర్ ఆమ్లంతో పంటి పైపొర అయిన ఎనామిల్‌ను గరుకు చేసే పద్ధతిని చూపాడు. ఆ సూక్ష్మ రంధ్రాల్లోకి రెజిన్ దిగి పట్టుకోవడమే నేటికీ ఈ అతుకుకు ఆధారం. 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం పెట్టి, కడిగి ఆరబెట్టాక సుద్దలా తెల్లబడిన పంటిని లాలాజలం కాస్త తాకినా ఆ పట్టు దెబ్బతింటుంది. తడి ఆగని వెనక పళ్లకు రెజిన్ కలిపిన గ్లాస్ అయానమర్ సిమెంట్ నయం. అది ఫ్లోరైడ్‌నూ విడుదల చేస్తుంది. కాకపోతే దాని పట్టు సాధారణంగా పైన చెప్పిన కాంపోజిట్ పేస్టు కంటే తక్కువ. ఆ మాట చెప్పకుండా మేము దాన్ని అమ్మం.

ఆదివారం గోడౌన్‌లో ఉండిపోకుండా శనివారం పార్సిళ్లు వేయడం లేదు. పెట్టె తెరిచేసరికి జెల్ ప్యాకులు వేడెక్కి ఉంటే ఫోటో తీసి పంపండి. ఆ సిరంజిని రోగికి వాడకండి, మారు సరుకు మా ఖర్చుతో పంపుతాం.